బొగ్గులు ఆర్పే డ్యూటీ

మొన్న ఆదివారం హనుమకొండలో మా తమ్ముడి కొడుకు కొత్తగా కట్టుకున్న ఇంటి మిద్దె మీద మాంసం కాల్చుకు తినే పండగ జరిగింది. దానికి బార్బిక్యూ అని పేరు. మూడు కాళ్ల ఇనుప పొయ్యి, దానికో మూత, మూతకు వేడి చూపించే మీటరు, రెండు రకాల పట్టుకార్లు, వాడి నడుముకు ఒక ఏప్రాను. ఇంత సరంజామాతో మా మేనల్లుడు నిప్పు రాజేశాడు. రాజేయడాన్ని ముగ్గురు ఫోన్లలో తీశారు. మొదటి ముక్క కాలడాన్ని నలుగురు తీశారు. అందరూ తిన్నారు, బాగుందన్నారు, చేతులు కడుక్కుని కింద ఏసీ గదిలోకి దిగిపోయారు. మిద్దె మీద నేనూ, కణకణలాడే నిప్పులూ మిగిలాం. పొయ్యికి బారెడు దూరంలో ప్లాస్టిక్ కుర్చీలు, పైన గాలికి ఊగుతున్న రంగుకాగితాల తోరణాలు. "ఒరే, ఇది ఆర్పేదెవలురా?" అని మెట్ల దగ్గర అడిగితే, వాడు వెనక్కి తిరగకుండానే, "అదే ఆరిపోతది అత్తమ్మా, నువ్వు రా, ఐస్‌క్రీం కరిగిపోతాంది" అన్నాడు. నేను రెండు బకెట్ల నీళ్లు మోసి, కొంచెం కొంచెం చల్లి, కలబెట్టి, ఇంకోసారి చల్లి, చెయ్యి పెట్టి చూసుకుని దిగేసరికి ఐస్‌క్రీం నిజంగానే కరిగిపోయింది. నేను చేసిన పనిని మాత్రం ఎవరూ ఫోన్లో తీయలేదు.

అదే ఆరిపోతుందనే మాట నాకు కొత్త కాదు. నిప్పు పెట్టిన ప్రతి మనిషీ చేతులు తుడుచుకుంటూ అనే మాటే అది. నేను దాన్ని మొట్టమొదట విన్నది మా బాపు, అంటే మా నాన్న, పనిచేసే ఆఫీసు పెద్దసారు నోట, అదీ చక్కటి పుస్తకాల తెలుగులో, సైన్సుతో సహా. ఆ మాట వల్ల మా బాపమ్మ ఏం పోగొట్టుకుందో చెప్పాలంటే ముందు బాపమ్మకూ బొగ్గులకూ ఉన్న సంబంధం చెప్పాలి.

బాపమ్మ అంటే మా బాపు తల్లి. అప్పట్లో మేం సుబేదారిలో రెండు గదులు, ఒక వంటసాల, వెనక చిన్న పెరడు ఉన్న అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. ఇంట్లో శాఖలు స్పష్టంగా పంచి ఉండేవి. వండడం అమ్మ శాఖ. తినడం, తిన్నాక ఉప్పు తక్కువైందనడం బాపు శాఖ. నిప్పు బాపమ్మ శాఖ. పొద్దున కట్టెలపొయ్యి మీద వంట అయ్యీ కాగానే ఆమె పీట వేసుకుని పొయ్యి ముందు కూర్చునేది. పట్టుకారుతో ఒక్కో నిప్పునూ బయటికి లాగి, పక్కనే పెట్టుకున్న అంచు పగిలిన కుండలో నీళ్లలో వేసేది. చుయ్‌మని చప్పుడు, వెంటనే గది నిండా తడిబొగ్గు వాసన. ఆ వాసన వచ్చిందంటే బడికి టైమైందని మాకు గుర్తు. ఆరిన బొగ్గుల్ని పెరట్లో గోనెసంచి మీద ఎండబెట్టేది. అవి మళ్లీ కుంపట్లోకీ, బాపు చొక్కాల ఇస్త్రీపెట్టెలోకీ పోయేవి. పొయ్యిలో మిగిలిన బూడిదను కూడా ఆమె నమ్మేది కాదు. చెంబుడు నీళ్లు చల్లి, కట్టెపుల్లతో అడుగుదాకా కలబెట్టి, మళ్లీ చల్లి, చివరికి చెయ్యి తిప్పి వెనకవైపు ఆనించి చూసేది. అరచెయ్యి ఎందుకు పెట్టవని అడిగితే, "లోపలి చెయ్యి మొద్దుబారింది బిడ్డా, అది అబద్ధమాడతది. ఎనక చెయ్యి నిజం చెప్తది" అనేది. ఆ చెయ్యి ఒప్పుకుంటేనే బూడిద గిన్నెలు తోమడానికి పోయేది. ఈ తతంగం అయ్యేదాకా ఆమె అక్కడినుంచి లేచేది కాదు. చుట్టాలొచ్చినా పొయ్యి ముందునుంచే మంచిచెడ్డలు అడిగేది.

ఆమె పుట్టిల్లు కేసముద్రం పక్కన ఒక చిన్న ఊరు. ఆమె చిన్నతనంలో ఎవరో ఆరిందనుకున్న బూడిదను పెంటకుప్ప మీద పోస్తే, మధ్యాహ్నం గాలికి అందులోంచి నిప్పు లేచి వాళ్ల గడ్డివాము అంటుకుందట. ఏడాది మేత ఒక్క పూటలో పోయింది. ఎడ్లకు పెట్టేందుకు ఏమీ లేక వాళ్ల నాయిన వాటిని అంగడికి తోలుకుపోయిన రోజు ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదట. "మంట లేస్తే కనపడ్తది, మందిని పిలుస్తం. బూడిద కింద పండుకున్నదే దొంగది" అనేది బాపమ్మ. మేం ఆ కథ ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. విన్న ప్రతిసారీ నవ్వాం. బాపు అయితే "మా ఇంట్ల ఫైరింజను ఉన్నది, జీతం లేకుండ పనిచేస్తది" అని ఆఫీసులో చెప్పి నవ్వించేవాడు.

బాపు సుబేదారిలోనే ఒక సర్కారు ఆఫీసులో హెడ్ క్లర్కు. ఏ ఆఫీసో చెప్పను. ఏ ఆఫీసైనా అలాగే ఉండేది కాబట్టి చెప్పాల్సిన అవసరమూ లేదు. ఆయన ఇంట్లో పులి. ఆఫీసు గడప దాటగానే ఆ పులి బల్ల కింద దూరేది. పెద్దసారు ఎండగా ఉందంటే బాపు చెమట తుడుచుకునేవాడు, చలిగా ఉందంటే చొక్కా గుండీ పెట్టుకునేవాడు. అలాంటి రోజుల్లో పట్నంనుంచి ఒక కొత్త పెద్దసారు బదిలీ మీద వచ్చాడు. ఆయనకు పుస్తకాలు చదివే అలవాటూ, చదివింది ఊరికే ఉంచుకోలేని బలహీనతా ఉండేవి. ఆరుబయట మాంసం కాల్చుకుని తినడం ఆరోగ్యమని ఎక్కడో చదివాడట. దాంతో ఆఫీసంతా కుటుంబాలతో సహా పాలంపేట చెరువు దగ్గర సీకుల దావత్ చేసుకోవాలనీ, తరువాత రామప్ప గుడి చూడాలనీ తీర్మానమైంది.

తీర్మానమయ్యాక జాబితా కావాలి కదా. బాపు మూడు రాత్రులు కూర్చుని, కార్బన్ కాగితాలు పెట్టి, డ్యూటీల జాబితా మూడు ప్రతులు రాశాడు. గుంత తవ్వించడానికి ఒక ఇన్‌ఛార్జి. బొగ్గులు రాజేయడానికి ఒకరు, విసరడానికి ఇద్దరు. సీకులకు మాంసం గుచ్చడం, కాల్చడం ఖాదర్ చిచ్చాకు. ఆయన ఆఫీసులో టైపిస్టు, మా పక్కింట్లోనే ఉండేవాడు, సీకుల్లో ఆయన చెయ్యి పడితే ఇంకొకరు మాట్లాడేది లేదు. మొదటి సీకు సారుకు అందించడానికి ఒకరు. అది బాగుందని ముందుగా అనడానికి పేరు రాయలేదు కానీ ఆ పని బాపుదేనని అందరికీ తెలుసు. వందన సమర్పణకు ఇంకొకరు. ఇదంతా ఇంట్లో గొంతెత్తి చదివి వినిపించాక బాపమ్మ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"రాజేసెటోడున్నడు, ఇసిరెటోడున్నడు. మరి ఆర్పెటోడెవడురా?"

"గది కింది పనమ్మా. అటెండరు సూస్కుంటడు."

"అటెండరు పేరున్నదా గండ్ల?"

లేదు. అటెండరు ఆ వారం సెలవులో ఉన్నాడు. జాబితాకు ఇంకో పేరు కలపాలంటే మూడు ప్రతులూ మళ్లీ రాయాలి. "నువ్వు ఫికర్ చెయ్యకమ్మా" అని బాపు కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

బాపమ్మ మాతో రావడానికి కారణం సీకులు కావు, ఆమె మాంసం మానేసి చాలా ఏళ్లయింది. రామప్ప గుడి. జిల్లా ఎల్లలు దాటకుండా అంత వయసు వచ్చింది, రామప్పను చూడలేదు. పెళ్లైన కొత్తలో తాతయ్య తీసుకుపోతానన్నాడు, పిల్లలు పుట్టారు. పిల్లలు పెద్దయ్యాక తీసుకుపోతానన్నాడు, ఆయనే పోయాడు. వాడలో ఆడవాళ్లంతా చూసొచ్చి, రాతిలో చెక్కిన నగల సంగతి చెప్తుంటే ఈమె తల ఊపుతూ వినేది. "సచ్చేలోపల ఒక్కసారి ఆ గడప తొక్కుత చాలు" అనేది. ఆ పొద్దున ఆమె పెట్టెలోంచి పెద్దంచు చీర తీసి కట్టుకుంది, ఒక కొబ్బరికాయ, రెండు అగరొత్తులు చెంగులో మూటగట్టుకుంది. దారి పొడుగునా బస్సు కిటికీ వదల్లేదు.

చెరువు కింద కోతలైన పొలాలు. ఒక కల్లం పక్కన నీడ బాగుందని అక్కడే గుంత తవ్వించారు. కల్లంలో తూర్పారబట్టిన వడ్ల రాశి ఉంది, దాని పక్కనే అప్పుడే వేసిన గడ్డివాము. బాపమ్మ బస్సు దిగుతూనే ఆ వామును చూసింది, గుంతను చూసింది, బాపును చూసింది. బాపు అప్పుడు సారు కుర్చీకి నీడ సరిపోయిందా లేదా అని చూస్తున్నాడు. ఇటుకల మధ్య చింతబొగ్గులు ఎర్రగా అయ్యాక ఖాదర్ చిచ్చా సీకులు పేర్చాడు. మసాలా, కొవ్వు నిప్పుల మీద పడి లేచిన ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. అబద్ధమెందుకు, చాలా బాగున్నాయి. సారు మొదటి సీకు కొరికి, ఆదిమానవుడు నిప్పును కనిపెట్టడం గురించి అరగంట మాట్లాడాడు. పొగ అందరి మొహాల మీదికీ వచ్చింది కానీ ఎవరూ దగ్గలేదు. తెచ్చిన రెండు డ్రమ్ముల నీళ్లలో ఒకటి తాగడానికి అయిపోయింది. రెండోది సారు చేతులకు, సారు భార్య చేతులకు, ఆ తరువాత హోదాను బట్టి మిగతా చేతులకు అయిపోయింది. నిప్పుల వంతు వచ్చేసరికి డ్రమ్ములో చుక్క లేదు. కాలువ పిలుపు దూరంలో ఉంది. కానీ అందరూ ఇస్త్రీ ప్యాంట్లు వేసుకొచ్చారు.

అప్పుడు జరిగింది ఆఫీసువాళ్లు మాత్రమే చేయగల పని. నలుగురు కలిసి పక్కనున్న నేలమీదినుంచి తట్టలతో ఎత్తి గుంత నిండా పోసి, "మన్ను కప్పినం సార్" అన్నారు. అది మన్ను కాదు. కల్లం ఊడ్చిన చోట మిగిలిన తాలు, పొట్టు, గడ్డితుంపులు, వాటికి అంటిన ఇంత దుమ్ము. అన్నం తినేవాళ్లే గానీ అది ఎక్కడినుంచి వస్తుందో చూసినవాళ్లు కారు. దూరంనుంచి గోధుమరంగులో ఉన్నదంతా వాళ్లకు మన్నే. బాపమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వచ్చేసింది.

"అయ్యో, అది పొట్టు కొడుకా! లోపల్లోపల కుమ్ముకుంట పోతది. నీల్లు పోసి కలబెట్టుండ్రి."

ఖాదర్ చిచ్చా బకెట్ అందుకున్నాడు. "అమ్మీ చెప్పేది సహీ ఉన్నది సార్. జర నేను కాలువకు పోయి..."

సారు నవ్వాడు. "అమ్మగారూ, గాలి అందకపోతే నిప్పు బతకదు. ఇది సైన్సు. అదే ఆరిపోతుంది. గుడి మూసేలోపు వెళ్లాలి, పదండి." చిచ్చా బకెట్ కింద పెట్టేశాడు. బాపమ్మ కొడుకు వైపు చూసింది. ఆ చూపు నాకు బాగా గుర్తు. ఆమె సారుతో కాదు, కొడుకుతో మాట్లాడుతోంది. కొడుకు చదువుకున్నవాడు, కానీ అదే పొయ్యి ముందు పెరిగినవాడు. వాడికి తెలుసు.

"ఊకో అమ్మా," అన్నాడు బాపు, అందరి ముందూ, గొంతు పెంచి. "నీకు తెల్సినంత సార్‌కు తెల్వదా? పో, బస్సుల కూసో."

బాపమ్మ బస్సులోకి వచ్చి నా పక్కన కూర్చుంది. చెంగులోని కొబ్బరికాయను రెండు చేతులతో పట్టుకుని ఉంది. మైలు దూరం కూడా లేని గుడి దగ్గరికి బస్సు పోయి ఆగింది. అందరూ దిగారు. ఆమె చెప్పులు విప్పింది. ఎదురుగా ఎర్రరాతి గుడి, నలభై అడుగులు వేస్తే గడప. పది అడుగులు వేసి ఆగిపోయింది. గాలి చెరువు వైపునుంచి గట్టిగా వీస్తోంది. "బిడ్డా, నా కడుపుల కుమ్ముతాంది. నేను పోత. నువ్వు సూసి రా" అని, చెప్పులు కూడా వేసుకోకుండా వెనక్కి తిరిగింది. నాకు ఏం చేయాలో తోచలేదు. నేనూ వెనకాలే పరుగెత్తాను. నిజం చెప్పాలంటే ఆ క్షణం నాకు ఆమె మీద చాలా కోపం వచ్చింది.

మేం చేరేసరికి గుంత మీద పొగ లేదు. పొగ గుంతకు నాలుగు గజాల అవతల, గడ్డివాము అడుగునుంచి సన్నగా వస్తోంది. నిప్పు నేలమీది పొట్టు వెంట పాక్కుంటూ అక్కడిదాకా పోయింది. అప్పుడే కల్లానికి వచ్చిన ఒక ఆడమనిషి దాన్ని చూసి కడవ పట్టుకుని కాలువకు ఉరుకుతోంది. ఆమె పేరు రాజవ్వని తరువాత తెలిసింది. పొలం ఆమెదే. ఆ వాము, ఆ వడ్ల రాశి ఆమె ఇంటికి ఏడాది తిండి. ఉరుకుతూనే బాపమ్మను చూసి, "ఎవల కొంపముంచిన కొడుకు పెట్టిండమ్మా ఈ అగ్గి?" అని అరిచింది.

"నా కొడుకే చెల్లె" అంది బాపమ్మ.

రాజవ్వ ఒక్క క్షణం ఆగి చూసింది. తరువాత పక్కనున్న ఇంకో కడవను బాపమ్మ చేతికిచ్చి, "అయితె ముంచు" అంది. ముగ్గురం ఎన్నిసార్లు కాలువకు తిరిగామో చెప్పలేను. రాజవ్వ కొడవలితో వాము అంచును కోసి ఇవతలికి లాగింది. బాపమ్మ కొబ్బరికాయను గట్టున పారేసి, కాలుతున్న గడ్డిని చేతులతోనే ఈడ్చి నీళ్లలో తొక్కింది. తరువాత గుంత దగ్గరికి వచ్చింది. పొట్టు తోడేస్తే కింద బొగ్గులు మేం తిన్నప్పటికంటే ఎర్రగా ఉన్నాయి. నీళ్లు పోయడం, కర్రతో అడుగుదాకా కలబెట్టడం, మళ్లీ పోయడం. అన్నీ అయ్యాక చెయ్యి తిప్పి వెనకవైపు ఆనించింది. ఆ చెయ్యి ఇంకా ఒప్పుకోలేదు. మళ్లీ ఒక కడవ తెమ్మంది. రెండు మోపుల గడ్డి పోయింది. వాము దక్కింది, వడ్లు దక్కాయి.

పొద్దు వాలుతుండగా మమ్మల్ని వెతుక్కుంటూ బస్సు వచ్చింది. సారు దిగి, గుంత దగ్గరికి నడిచి, బూటు కొనతో బూడిదను నొక్కి చూశాడు. చల్లగా, ముద్దగా ఉంది. ఆయన మొహం వెలిగిపోయింది. "చూశారా అమ్మగారూ? ఆరిపోయింది. నేను చెప్పలేదూ? భూమిలో సహజంగా ఉండే తేమే నిప్పును ఆర్పేస్తుంది." రాజవ్వ నోరు తెరిచింది. బాపమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని నొక్కింది. అందరూ బాపు వైపు చూశారు, ఎందుకంటే సారు మాటకు ముందుగా ఔననే పని ఆయనది. బాపు తల్లిని చూశాడు. మోచేతులదాకా మసి, అంచు కాలిన చీర, బొబ్బలెక్కిన వేళ్లు, చెప్పుల్లేని కాళ్లు.

"అవును సార్," అన్నాడు. "తేమ."

సారుకు మర్నాడు పొద్దున్నే మీటింగు ఉంది కాబట్టి బస్సు మళ్లీ గుడి వైపు తిరగలేదు. దారిలో నేను కోపంతో ఏడుస్తుంటే బాపమ్మ, "ఊకో బిడ్డా. వాని నౌకరీ. పిల్లలున్నరు" అంది. ఆ మాట ముందు సీట్లో కూర్చున్న బాపుకు వినపడింది. ఇంటికొచ్చాక ఆయన ఆమె వేళ్లకు తానే వెన్న రాశాడు, ఎండాకాలం సెలవుల్లో రామప్పకు తీసుకుపోతానన్నాడు. ఎండాకాలం ఎండలన్నాడు, వానాకాలం బాటలు బాగాలేవన్నాడు, చలికాలం ఆఫీసులో ఆడిట్ అన్నాడు. ఆమె ఒక్కసారి కూడా గుర్తు చేయలేదు. మూడో ఏడు కన్ను మూసింది.

ఆ కాలం మనుషులు మంచివాళ్లని, ఇప్పటివాళ్లు చెడిపోయారని రాస్తే చదివేవాళ్లకు హాయిగా ఉంటుంది. నేను రాయలేను. అప్పుడూ నిప్పు పెట్టినవాడికే దండలు, ఇప్పుడూ వాడికే ఫొటోలు. తేడా ఒక్కటే. అప్పుడు ఇంటికొక మనిషి, ఎవరూ పేరు రాయకపోయినా, వెనక ఉండిపోయి బూడిదలో చెయ్యి పెట్టి చూసేది. మనం ఆమెను చూసి నవ్వుకునేవాళ్లం, అందుకే నిశ్చింతగా ఉండేవాళ్లం. ఇప్పుడు పొయ్యి అంటే గ్యాసు బిళ్ల తిప్పడం. నిప్పుకు వెలిగించిన తరువాత కూడా పని ఉంటుందన్న సంగతే ఇళ్లలోంచి పోయింది. మా మేనల్లుణ్ణి తిట్టి లాభం లేదు. వాడికి ఎవరు చూపించారు?

బాపు రిటైరైన రోజు ఆఫీసు వెనక ఖాళీస్థలంలో వీడ్కోలు దావత్ పెట్టారు. అప్పటికి సారు మారి, ఆయన తరువాత ఇంకో ఇద్దరు మారారు. తిండి అయిపోయింది. బాపు మెడలో మూడు దండలు, భుజాల మీద శాలువా. గ్రూప్ ఫొటోకు కుర్చీలు వేశారు. నడిమి కుర్చీ పెద్దసారుది, పక్క కుర్చీ బాపుది. బాపు మాత్రం బిర్యానీ దించిన గుంత దగ్గర, శాలువా తీసి పక్కన పెట్టి, గొంతుక్కూర్చుని కర్రతో బొగ్గులు కలబెడుతున్నాడు. "రండి రండి, వెలుతురు పోతోంది. అవన్నీ ఎవరో చూసుకుంటారు లెండి" అని పెద్దసారు పిలిచాడు. బాపు లేవలేదు. తలెత్తి, ఆఫీసంతా వినేలా అన్నాడట, "ఎవరూ చూసుకోరు సార్. నాకు తెలుసు. మీరు తీసుకోండి." ఫొటో ఆయన లేకుండానే తీశారు. ఈ సంగతి ఖాదర్ చిచ్చా వచ్చి చెప్పి, చెప్తూ కళ్లు తుడుచుకున్నాడు.

బాపు ఇంటికి వచ్చేసరికి దండలు ఎక్కడో పడిపోయాయి, చేతులు నల్లగా ఉన్నాయి. అమ్మ పెరట్లో చెంబుతో నీళ్లు పోస్తుంటే కడుక్కున్నాడు. ఎంత కడిగినా మసి గోళ్ల సందుల్లోంచి పోలేదు. కడగడం ఆపి, ఆ చేతుల్ని అలాగే చూసుకుంటూ, "ఈ ఒక్క మాట ఆ పొద్దు పాలంపేటల అనాల్సి ఉండె," అన్నాడు. "ఇయ్యాల నౌకరీ పోయినంక అని వచ్చిన. అమ్మ లేదు ఇనడానికి."

మా అమ్మ ఇంకో చెంబు నీళ్లు పోసింది.